ఎక్కేటప్పుడే ఆగే మనిషి

అసిరమ్మకు సముద్రమంటే భయమని తేల్చింది, ఆమెతో పావుగంట కూడా మాట్లాడని ఒక మనిషి.

సునామీ వచ్చిన రెండు నెలలకు, హట్‌బే దీవి నుంచి ఓడలో తెచ్చినవాళ్ళను పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక శిబిరంలో ఉంచారు. మనసు గాయపడినవాళ్ళకు ధైర్యం చెప్పడానికి మెయిన్‌లాండ్ నుంచి ఒక బృందం దిగింది. మెడలో కార్డులు, చేతుల్లో రంగు పెన్సిళ్ళు. అందులో ఒక మేడమ్ అసిరమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీకు ఏమవుతూ ఉంటుందని హిందీలో అడిగింది. అసిరమ్మ దీవిలో పుట్టి పెరిగిన మనిషి. హిందీకి తడుముకోవలసిన పని లేదు.

"ఘబ్‌రాహట్ హోతా హై," అంది.

దీవుల్లో ఆ మాట ఎంత పెద్దదో ఆ మేడమ్‌కు తెలియదు. గుండె మీద బరువెక్కినా, ఊపిరి అందకపోయినా, చెమట పట్టి కడుపులో తిప్పినా, ఇదీ అని చెప్పలేని ఏ బాధకైనా ఇక్కడివాళ్ళు ఆ ఒక్క మాటే వాడతారు. తెలుగువాళ్ళకు అది మరీ దగ్గరి మాట, మన గాబరాయే కదా అనుకుని వాడేస్తారు. అసిరమ్మ చెప్పదలచుకున్నది, ట్యాంకరు దగ్గర నుంచి బిందె మోసుకుని గట్టెక్కేటప్పుడు రొమ్ములో ఏదో పట్టేస్తోందని. మేడమ్‌కు వినబడింది భయం అని. సునామీ తరువాత ఇంకేముంటుంది? ఆమె జాలిగా తల ఊపి, అసిరమ్మ చెయ్యి నిమిరి, తరువాతి మనిషిని పిలిచింది.

అంతటితో అయిపోయినా బాగుండేది. మరుసటి నెల, పడవలు పోయినవాళ్ళకు డింగీలు ఇస్తామని ఒక సంస్థ వచ్చింది. అసిరమ్మ మొగుడు మల్లేశు, అతని డింగీ ఒకేసారి పోయాయి. హట్‌బేలో కూలికి మనుషులు దొరకని రోజుల్లో అసిరమ్మే మొగుడితో వేటకు వెళ్ళేది. చుక్కాని పట్టేది, వల లాగేది. తన పేరున డింగీ ఇమ్మని వరసలో నిలబడింది. పడవలు పంచే ఆయన పక్కనున్న ఆ మొదటి మేడమ్ వైపు చూశాడు. ఆమె గొంతు తగ్గించి, ఎంతో దయగా, "ఈమెకు సముద్రమంటే ఘబ్‌రాహట్. పడవ ఇస్తే పుండు కెలికినట్టవుతుంది," అంది.

డింగీ వేరేవాళ్ళకు పోయింది. అసిరమ్మకు కుట్టుమిషన్ ఇచ్చారు. పైగా భయం పోగొట్టడానికని ఆడవాళ్ళందరినీ ఒక సాయంత్రం ఒడ్డుకు తీసుకెళ్ళి, చేతులు పట్టుకుని కెరటాలను చూస్తూ గట్టిగా ఊపిరి వదలమన్నారు. అసిరమ్మ వదిలింది. వదులుతూ పక్కావిడతో, "ఈలకేటే, సముద్రాన్ని మనకి కొత్తగా సూపిత్తన్నారు? దీనిమీద అలిగి కూకుంతే కూడెవుడెడతాడు?" అంది.

శిబిరం ఎత్తేశాక ఆమె పోర్ట్‌బ్లెయిర్‌లోనే బతు బస్తీలో తమ్ముడు జోగులు ఇంటికి చేరింది. జోగులు కరెంటు శాఖలో లైన్‌మన్. వాళ్ళ నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వలతో సహా ఓడెక్కి వచ్చినవాడు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ దీవుల్లోనే పుట్టారు. జోగులు భార్య హేమమాలిని మాత్రం అనకాపల్లి వైపు పిల్ల. పెళ్ళయి వచ్చాక తెలుగు మీడియం బడిలో టీచరయింది. రెండు గదుల ఇంట్లోకి ఆడపడుచు వచ్చి పడడం ఆమెకు నచ్చలేదు. నచ్చలేదని అనడానికి వీల్లేదు. సునామీలో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని చూసి మొహం చిట్లించే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. హేమమాలిని గిన్నెలు కాస్త చప్పుడయ్యేలా పెట్టేది, అంతే.

అన్నిటికన్నా ఆమెకు మింగుడు పడనిది వదిన చుట్ట. అసిరమ్మది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, పక్కనుంచి సన్నగా పొగ వదిలేది. పెరట్లో కొళాయి దగ్గర ఆమె అలా కూర్చుంటే ట్యూషన్‌కు వచ్చిన పిల్లలు లెక్కలు మానేసి కిటికీకి అతుక్కుపోయేవాళ్ళు.

"వదినా, పిల్లలు చూస్తున్నారు."

"సూడనీయే. నీ నెక్కలకంటే ఇదే బాగుంది ఆలకి."

కుట్టుమిషన్ టీవీ కింద బల్లగా స్థిరపడింది. అసిరమ్మ మాత్రం ఒక పెద్ద బేసిన్ కొనుక్కుని, తెల్లారగానే జంగ్లీఘాట్ రేవుకు వెళ్ళి చేపలు ఎత్తుకుని, బతు బస్తీ సందులన్నీ తిరిగి అమ్మేది. ఇల్లు గుట్ట మీద. రోడ్డు నుంచి ఇంటికి నిట్టనిలువు ఎత్తు. అందరూ దాన్ని చఢాయి అంటారు. ఆ చఢాయి సగంలో ఒక వంపు ఉంది. అక్కడ మట్టి జారకుండా కట్టిన రాతిగోడ. గోడకు ఎదురుగా రెండిళ్ళ మధ్య సందులోంచి దూరంగా సముద్రం ముక్క ఒకటి కనిపిస్తుంది.

అసిరమ్మ రోజూ అక్కడ ఆగేది. బేసిన్ దించి, గోడకు ఆనుకుని, చెంపకు చెయ్యి చేర్చుకుని, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడేది. కాసేపటికి బేసిన్ ఎత్తుకుని ఇల్లు చేరేది.

ఇంతకంటే ఏం కావాలి జనానికి? వీధివీధంతా కరిగిపోయింది. మొగుణ్ణి మింగిన సముద్రాన్ని రోజూ ఒక్కసారైనా చూడందే ఇంటికి పోదట అన్నారు. ఆ పక్కింట్లో సూరయ్య అని రంపపు మిల్లులో పనిచేసి రిటైరైన ముసలాయన ఉండేవాడు. ఆమె కూర్చోవడానికని సిమెంటు పలక ఒకటి తెచ్చి గోడ వారగా వేయించాడు. పిల్లలు ఆమె ఆగినప్పుడు సైకిలు బెల్లు కొట్టేవాళ్ళు కాదు. ఒక డిసెంబరులో పేపరతను కెమెరాతో వచ్చి వంపు దగ్గర కాచుకుని ఫోటో తీసుకున్నాడు. మర్నాడు అది పేపర్లో పడింది. చెంపకు చెయ్యి, చెమటతో తడిసిన మొహం, ఎక్కడో చూస్తున్న కళ్ళు. ఇంకా ఎదురుచూస్తూనే ఉంది అని కింద రాశాడు. బడిలో టీచర్లు ఆ పేపరు హేమమాలినికి చూపించి కళ్ళు తుడుచుకున్నారు. హేమమాలినికి ఏడుపు రాలేదు. ఫోటో తీసిన రోజు నీళ్ళు వచ్చే వేళకు వదిన ఇల్లు చేరక, తనొక్కతే బిందెలన్నీ పట్టుకుంది.

ఆ తరువాతి ఏడు వానాకాలంలో ఒక శనివారం, ఇద్దరూ కలిసి చఢాయి ఎక్కుతున్నారు. హేమమాలిని చేతిలో సరుకుల సంచులు, అసిరమ్మ నెత్తిన అమ్ముడుపోని సగం బేసిన్. మబ్బు కిందికి దిగిపోయింది. ఇంట్లో తీగె మీద బట్టలు. వంపు దగ్గర అసిరమ్మ మామూలుగానే ఆగింది.

"అయిందా వదినా చూడడం? బట్టలన్నీ తడిసిపోతాయి."

అసిరమ్మ ఆగమన్నట్టు ఒక చెయ్యి ఎత్తింది.

ఎన్నాళ్ళుగానో నోట్లో నానుతున్న మాట హేమమాలిని నుంచి జారిపోయింది. "తెలియక అడుగుతాను, మల్లేశు అన్నయ్య నీకు ఎక్కేటప్పుడే గుర్తొస్తాడేం? పొద్దున్న దిగేటప్పుడు ఒక్కరోజన్నా ఆగవేం?"

అనేశాక, వదిన ఏడుస్తుందనుకుంది, లేదా తిడుతుందనుకుంది. అసిరమ్మ ఊపిరి కూడదీసుకుని, ఆశ్చర్యంగా ఆమె వంక చూసింది.

"ఆడు గుర్తు రావడానికి కొండెక్కాలేటే? కూరలో ఉప్పెక్కువైతే గుర్తొత్తాడు. నానిక్కడ ఆగేది ఊపిరికి."

"మరి సముద్రం చూస్తావుగా?"

"సముద్రం అటుంది. గోడ ఇటుంది. గోడకి ఆనుకుంటే మొగం అటే తిరుగుతాది. దాన్ని అక్కడెట్టింది నానేటి?"

"మరి చెంపకు చెయ్యి?"

"దవడ లాగేత్తాదే. ఎక్కినంతసేపూ లాగి, నిలబడితే ఒగ్గేత్తాది. పన్ననుకున్నాను. అటేపు పన్ను ఊడిపోయి ఎన్నాళ్ళో అయింది."

హేమమాలిని సంచులు కింద పెట్టింది. "ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్పానే. అడిగినోళ్ళందరికీ సెప్పాను. ఘబ్‌రాహట్ అనీసి."

వాన వచ్చింది. బట్టలు తడిశాయి.

తను విసిరిన ఎత్తిపొడుపు హేమమాలిని గొంతులోనే ముల్లులా ఉండిపోయింది. ఆ వారమంతా వదినను చూసింది. ఖాళీ చేతులతో ఎక్కితే వంపు దాకా వస్తుంది. బేసిన్ నిండుగా ఉంటే వంపు రాకముందే ఆగుతుంది. అన్నం తినగానే ఎక్కితే ఇంకా ముందే. దిగేటప్పుడు మాత్రం మనిషి గాలిలా పోతుంది. భయానికి ఎగువా దిగువా తేడా ఉంటుందా? కొండను చూసి వచ్చి, నిలబడితే పోయే దిగులు ఎక్కడైనా ఉందా?

ఆమెను డిస్పెన్సరీకి తీసుకెళ్ళింది. గది తలుపు దగ్గర అటెండరు అసిరమ్మను గుర్తుపట్టి, లోపలికి వెళ్ళి ముందే చెప్పేశాడు, "సునామీ కేస్ హై, సర్, పేపర్లో వచ్చిన అమ్మ." డాక్టరు ఏమవుతుందని అడిగాడు. అసిరమ్మ పాత మాటే అంది. ఆయన నిద్రమాత్రలు, గ్యాసు మాత్రలు రాసిచ్చి, ఒంటరిగా ఉంచకండని సలహా చెప్పాడు. ఆ మాత్రలు వేసుకుని అసిరమ్మ మర్నాడు జంగ్లీఘాట్‌లో చేపల వేలం జరుగుతుంటే కూర్చున్నచోటే నిద్రపోయింది.

ఇంట్లో జోగులు నవ్వేశాడు. "అక్కకి గుండె జబ్బేంటి? పాగల్ హో క్యా? గుండె జబ్బు మగవాళ్ళది, అందులోనూ కుర్చీలో కూర్చుని లావెక్కినవాళ్ళది. అక్క ఎముకల గూడు. రోజూ చేప తింటుంది, రోజూ కొండెక్కుతుంది. ఇంకేం ఎక్సర్‌సైజు కావాలి?"

"దవడ లాగుతోందంటుంది."

"గుండె నొప్పి ఎడమ చేతికి రావాలి. దవడకొస్తే పళ్ళ డాక్టరు."

గడప దగ్గర టీ తాగుతున్న సూరయ్య కూడా తోడు పలికాడు. "గుండెపోటు నేను చూశానమ్మా. మా మిల్లులో ఒకడికి వచ్చింది. ఇలా రొమ్ము పట్టుకున్నాడు, అలా పడ్డాడు. నిలబడి బేరమాడే మనిషికి గుండె జబ్బేంటి?"

"అయితే పడ్డాక సెప్తాలే మావా," అంది లోపల నుంచి అసిరమ్మ.

ఈ జోగులే అంతకు ముందు నెలలో ఒక ఆదివారం మటన్ బిరియానీ పీకలదాకా తిని, రొమ్ములో పోటు వచ్చిందని మంచం మీద అడ్డంగా పడ్డాడు. క్షణంలో ఆటో వచ్చింది, నలుగురు ఎత్తారు, ఆస్పత్రిలో పరుగున ఈసీజీ తీశారు. ఒక పెద్ద త్రేన్పుతో రోగం పోయింది. మగవాడి త్రేన్పుకు ఉన్న విలువ ఆడదాని ఊపిరికి లేదని, సూరయ్య వెళ్ళాక ఆ రాత్రి, హేమమాలిని కంచంలో అన్నం వడ్డిస్తూ అంది. ఆమె నోరు మూయించడానికే కావచ్చు, జోగులు అక్కకూ ఒక ఈసీజీ తీయించాడు. అది బాగానే ఉందన్నారు. ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చి, "చూశావా, మేడమ్? పక్కా ఫిట్," అన్నాడు. బడిలో పనిచేస్తుంది కాబట్టి ఎగతాళి చేసేటప్పుడు ఆమె మేడమ్.

హేమమాలిని వదల్లేదు. ఇంకో ఆస్పత్రికి, కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరదీసింది. దారిలో ఆటోలో ఒకటే పాఠం.

"వదినా, అక్కడ ఆ మాట అనకు. అన్నావంటే మళ్ళీ నిన్ను ఒడ్డుకు తీసుకెళ్ళి కెరటాలు చూపిస్తారు."

"మరేటనాల?"

"ఏమవుతుందో అదే చెప్పు. దానికి పేరు పెట్టకు."

హిందీలో అయితే ఆ మాటే జారుతుందని అసిరమ్మ తెలుగులోనే చెప్పింది. "ఎక్కుతున్నప్పుడు బేసిన్ నెత్తిమీంచి దిగొచ్చి రొమ్ము మీద కూకుంతాది డాక్టరమ్మా. దవడ లాగుతాది. ఒల్లు చెమట్లు. నిలబడితే పోద్ది." డాక్టరమ్మకు తెలుగు రాదు. హేమమాలిని హిందీలో చెప్పింది, ఒక్క మాట మాత్రం వాడకుండా. డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగింది, బీడీ, సిగరెట్ అలవాటుందా అని. అసిరమ్మ నిజాయితీగా లేదంది. చుట్ట బీడీ కాదు, సిగరెట్ కాదు.

హేమమాలిని గోడ మీద క్యాలెండరు చూసింది. బడిలో టీచరు, తన ఆడపడుచు చుట్ట కాలుస్తుందని అంతమంది వరసలో కూర్చుని వింటుండగా చెప్పాలి. "కాలుస్తుంది," అంది చివరికి. "చుట్ట. నిప్పు లోపలికి పెట్టుకుని."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది.

"ఒసే, నీకీ పెత్తనమేటే!" అసిరమ్మ మొహం ఎర్రబడింది. తరువాత హిందీలోకి మారి డాక్టరమ్మకు సర్దిచెప్పబోయింది. నిప్పు లోపలుంటే పొగ నోట్లోనే ఆరిపోతుందని, ఊపిరితిత్తులకు గాని గుండెకు గాని పోదని, వాళ్ళలో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతేనని. "మా అమ్మా అంతే తాగేది."

"మీ అమ్మ ఎలా పోయింది?"

"నీళ్ళకెళ్ళి దారిలో కూలిపోనాది."

"ఏ వయసులో?"

అసిరమ్మ ఆలోచించింది. "ఇదిగో, నా అంత ఉంటాది."

పొగ నోట్లోనే ఆగదని, నోటిలోంచే రక్తంలో కలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఈసీజీ కాగితం చూసి పక్కన పెట్టింది. పడుకోబెట్టి తీస్తే పడుకున్న గుండె సంగతే తెలుస్తుంది, ఈమెకు బాధ ఎక్కేటప్పుడు కదా అంది. రక్తనాళాలు సన్నబడి ఉంటాయి, చెన్నై వెళ్ళి పరీక్ష చేయించుకోవాలి అంది. మాత్రలు రాసింది. నాలుక కింద పెట్టుకునే మాత్ర వేరుగా ఇచ్చి, "ఆగితే తగ్గేదాకా పరవాలేదు. ఆగి, ఇది పెట్టుకుని కూర్చున్నా ఐదు నిమిషాల్లో తగ్గకపోతే, అది వేరే సంగతి. అప్పుడు ఏదీ ఆలోచించకుండా ఆస్పత్రికి రావాలి," అని హేమమాలినితో రెండుసార్లు చెప్పించుకుంది.

చెన్నైకి ఓడలో వెళ్ళాలని నిర్ణయమైంది. ఆ మాట వినగానే వీధి మళ్ళీ మేల్కొంది. సముద్రమంటే ప్రాణం పోయేంత భయమున్న మనిషిని మూడు రోజులు నీళ్ళ మీద తీసుకుపోతారా? టికెట్ల దగ్గర గుమాస్తా కూడా పేరు చూసి, ఈమె సునామీ పేషెంట్ కదా, నడిసముద్రంలో ఘబ్‌రాహట్ వస్తే ఎవరిది పూచీ అన్నాడు. "సముద్రంలో నాకేటీ అవదు బాబూ. ఒడ్డు మీదే అవుతన్నాది," అంది అసిరమ్మ.

బయలుదేరే రోజు హడ్డో జెట్టీలో ఎప్పటిలాగే ఓడ నిండా జనం. పెట్టెలు, అట్టడబ్బాలు, ఏడుస్తున్న పిల్లలు. ఓడెక్కే మెట్లదారి ఏటవాలుగా, ఇరుకుగా వేలాడుతోంది. ముందు జోగులు పెట్టెతో, వెనక అసిరమ్మ, ఆమె వెనక హేమమాలిని. సగం దూరంలో అసిరమ్మ ఆగింది. తాడు పట్టుకుంది. రెండో చెయ్యి దవడకు పోయింది.

వెనకనుంచి నెట్టారు. పైనుంచి ఖలాసీ కిందికి చూడొద్దని అరిచాడు, "డరో మత్, అమ్మా! నీచే మత్ దేఖో!" కింద జెట్టీ మీద ఎవరో తెలుగాయన పక్కవాళ్ళకు వివరించాడు, "సునామీ మనిషి పాపం, నీళ్ళు చూసి బిగుసుకుపోయింది." జోగులు పెట్టె దించి వెనక్కి తిరిగాడు. "అక్కా, కళ్ళు మూసుకో. నేను చెయ్యి పట్టుకుంటాను, ఎక్కేయ్." ఖలాసీలు ఇద్దరు దిగొచ్చి, చెరో రెక్కా పట్టుకుని లాగేయడానికి సిద్ధమయ్యారు. వాళ్ళు మంచివాళ్ళు. భయపడినవాళ్ళను రోజూ అలాగే ఎక్కిస్తారు.

హేమమాలిని వదినను ఆ మెట్ల మీదే కూర్చోబెట్టి నాలుక కింద మాత్ర పెట్టింది. జనం తిట్టుకుంటున్నారు. అసిరమ్మ మొహం బూడిదరంగుకు తిరిగింది. జాకెట్టు చెమటతో అంటుకుపోయింది. ఒకసారి వాంతి చేసుకుంది. "చూశావా, ఓడ కదలకముందే," అన్నాడెవడో.

"ఏం వదినా, తగ్గిందా?"

"ఒగ్గట్లేదే మాలినీ." గొంతు బాగా కిందికి పోయింది. "కూకున్నా ఒగ్గట్లేదు."

ఓడ కూత వేసింది. ఖలాసీ మళ్ళీ రెక్క పట్టుకోబోయాడు. హేమమాలిని అతనికి అడ్డంగా నిలబడింది. బడిలో నాలుగు తరగతులకు ఒకేసారి వినబడే గొంతు అది.

"ముట్టుకోకండి! పైకి కాదు, కిందికి దించండి. ఆమెకు భయం కాదు, గుండె! దిల్ కా దౌరా హై!"

"నువ్వు ఊరుకోవే, అందరిలో తమాషా..." జోగులు మొదలుపెట్టాడు. "ఎక్కేస్తే పడుకోబెడదాం. ఓడ పోతుంది."

"పోనీ. ఇది తప్పితే ఇంకో ఓడ వస్తుంది. నీకు త్రేన్పు వస్తే నలుగురు ఎత్తారు. మీ అక్కను నువ్వొక్కడివి ఎత్తలేవా?"

జోగులు అక్క మొహంలోకి చూశాడు. చాలా ఏళ్ళలో మొదటిసారి, జాలి లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా చూశాడు. పెట్టె అక్కడే వదిలేసి ఆమెను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. మెట్ల కింద జనం విడిపోయారు. పెట్టె చెన్నై పోయింది. మనుషులు ఆస్పత్రికి పోయారు.

గుండెపోటే. రక్తం గడ్డకట్టి ఒక నాళం మూసుకుపోయింది. వేళకు తెచ్చారు కాబట్టి గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. రెక్కలు పట్టి ఓడెక్కించి ఉంటే ఏమయ్యేదో డాక్టర్లు చెప్పలేదు. జోగులు అడగలేదు. వార్డు బయట బల్ల మీద కూర్చుని తన రెండు చేతులూ చూసుకుంటూ ఉన్నాడు. నాలుగోనాడు సూరయ్య అరటిపళ్ళతో వచ్చి, మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్న మనిషిని చూసి నమ్మలేకపోయాడు.

"పడిపోకుండానే గుండెపోటా అమ్మా?"

"పడ్నేదు మావా. ఏటి, నీకు వెలితిగా ఉందేటి?"

తరువాత విమానంలో చెన్నై తీసుకెళ్ళారు. నాళంలో స్టెంట్ వేశారు. జోగులు దాన్ని స్ప్రింగ్ అనేవాడు. స్ప్రింగ్ పడింది కదా, కొత్త గుండె, ఇంకా మాత్రలెందుకని మూడో నెలలోనే అన్నాడు. వీధికి ఇప్పుడు ఇంకో చదువు వచ్చింది. ఒకరు పరగడుపున వెల్లుల్లి అన్నారు, ఒకరు కొబ్బరి మానెయ్యమన్నారు, ఒకరు ఇక మంచం దిగకూడదన్నారు. ఘబ్‌రాహట్ అని నాలుగేళ్ళు నమ్మినవాళ్ళే. ఒక్కరూ సిగ్గుపడలేదు. అసిరమ్మ డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ మెల్లగా నడిచింది, మాత్రలు మింగింది, ఎండుచేప తగ్గించింది. చుట్ట మాత్రం అంత తేలిగ్గా పోలేదు. రెండుసార్లు మానింది, రెండుసార్లు పెరట్లో దొరికిపోయింది. మూడోసారి దొరికినప్పుడు హేమమాలిని తిట్టలేదు. పక్కన కూర్చుని, "మీ అమ్మ పోయినప్పుడు నీకెన్నేళ్ళు?" అని అడిగింది. అసిరమ్మ చుట్ట కొళాయి కింద పెట్టి ఆర్పేసింది. అదే ఆఖరి చుట్ట.

ఒంట్లో సత్తువ వచ్చాక హట్‌బే వెళ్ళిపోయింది. అక్కడ మల్లేశు అన్నగారి కొడుకుల దగ్గర ఉంటూ వలలు బాగుచేస్తుంది. డింగీ మాత్రం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వమని ఆమె మళ్ళీ అడగనూ లేదు.

హేమమాలిని ఆమెను చివరిసారి కలిసింది ఎన్నికల డ్యూటీ మీద హట్‌బే వెళ్ళినప్పుడు. తిరుగు ఓడకు అసిరమ్మ జెట్టీ దాకా వచ్చింది. సంచి నిండా నిమ్మకాయలు మోయించింది. ఓడ ఇంకా దూరంలో ఉంది.

"మాత్రలు మానేయలేదు కదా వదినా? బాగున్నాను కదా అని చాలామంది..."

"మాన్నేదే. బాగున్నది నాను కాదు, మాత్ర." అసిరమ్మ మరదల్ని కిందనుంచి పైదాకా చూసింది. "నీకు నలభై దాటిపోనాయి. మీ అయ్యకి బీపీ అన్నావు. నువ్వు సూయించుకున్నావేటి?"

"నాకేం వదినా. తలనొప్పి కూడా రాదు. నేను బాగానే ఉన్నాను."

"అది నువ్వు సెప్పకూడదు," అంది అసిరమ్మ. "సేతికి పట్టీ కట్టి సూసినోడు సెప్పాల. సోమారం ఎల్లు."